కుడి కిటికీలో దర్జీ

గోదారి వరద దొరమేడ మెట్లన్నీ ఎక్కి తలుపు తట్టిన ఏడు అది. రేవుపాలెంలో పెళ్ళయినా పురుడయినా ఇప్పటికీ ఆ వరదకి ముందా వెనకా అనే అడుగుతారు. నీళ్ళు వచ్చాయి, బజారంతా తిరిగాయి, ఎవరింట్లో ఏముందో చూసుకున్నాయి, నెమ్మదిగా వెళ్ళిపోయాయి. ఎవరి ప్రాణమూ తీసుకుపోలేదు. దొరమేడ ముందుగోడకి తరతరాలుగా వేసిన సున్నాన్ని మాత్రం బాగా నానబెట్టి పోయాయి.

ఎండలు కాశాక ఆ సున్నం పెళ్ళలు పెళ్ళలుగా ఊడిపడింది. ఊడిన చోట కిటికీ కనబడింది.

తంటా అక్కడ మొదలైంది.

దొరమేడ కట్టించిన దొర పేరు ఊళ్ళో ఎవరికీ తెలీదు. నీలిమందు వ్యాపారం చేసేవాడట. ఇంగ్లీషు సీమలో తాను పుట్టిన ఇల్లు ఎలా ఉందో అచ్చం అలాంటిదే ఇక్కడా కావాలన్నాడట. దొర అడిగాడు గనక కట్టారు. మంచు జారిపోవడానికని కప్పు నిటారుగా వాల్చారు. రేవుపాలెంలో మంచంటే ధనుర్మాసం పొద్దున్నే గడ్డిపరకల మీద ఉండేదే, అది కప్పుదాకా ఎక్కదు. ప్రతి గదిలోనూ గోడలోకి చలిమంట గూడు పెట్టి పైకి పొగగొట్టాలు లేపారు. వైశాఖంలో ఆ గూళ్ళ వైపు చూస్తేనే చెమట పట్టేది. మేడకి అరుగు లేదు, పంచ లేదు. వీధిలోంచి మెట్లెక్కితే తిన్నగా తలుపు. తలుపుకి ఎడమవైపు పెద్ద కిటికీ. కుడివైపు ఉత్త గోడ. కనీసం వరద దాకా అది ఉత్త గోడే.

ఆ ఎడమ కిటికీ వెనక గదిలో గంటి అబ్బులు కుట్టుమిషను పెట్టుకుని బతుకుతున్నాడు. అతని తండ్రి కూడా అక్కడే కుట్టాడు. మేడ పంచాయతీది. ముందుగది అబ్బులుకి అద్దెకిచ్చారు, మిగతా గదులు గబ్బిలాలకి ఊరికే ఇచ్చారు. అబ్బులు మాట పొదుపు మనిషి. కొలతలు తీసేటప్పుడు కూడా "చెయ్యెత్తు", "దించు" అనేవాడు, అంతే. ఇంటికి కావలసిన మిగతా మాటలన్నీ అతని భార్య చెల్లాయమ్మ చూసుకునేది.

ఆ గదికి వెలుతురొచ్చేది ఆ ఒక్క కిటికీలోంచే. అబ్బులువి అరవై దాటిన కళ్ళు. కరెంటు దీపం కింద అతనికి నల్లగుడ్డా నీలంగుడ్డా ఒకటే. కిటికీ ఉంటే అబ్బులు దర్జీ. కిటికీ లేకపోతే మిషను పక్కన కూచున్న ముసలాడు.

ఆ రోజు చెల్లాయమ్మ వాకిలి ఊడుస్తూ కేకేసింది.

"ఏవయ్యో! మన గోడకి కిటికీ మొలిచిందయ్యా!"

అబ్బులు వచ్చి చూశాడు. కుడివైపు గోడ మీద, సరిగ్గా తన కిటికీ ఎత్తున, తన కిటికీ అంత కిటికీ. చట్రం ఉంది, గాజు పలకలున్నాయి, పలకల వెనక సగం దించిన ఆకుపచ్చ తెర ఉంది. చెయ్యేసి చూశాడు. గోడ. అంతా రంగులు. ఓ కాకి వచ్చి ఆ కిటికీ గడప మీద వాలబోయి జర్రున జారింది. మళ్ళీ ఎగిరి ఇంకోసారి వాలబోయి ఇంకోసారి జారింది. కాకి మొహం మాడ్చుకుని అబ్బులు కిటికీ మీదకి వచ్చి కూచుంది.

"దొరగారికి ఇదేం సరదా?" అంది చెల్లాయమ్మ.

అబ్బులు భుజాలెగరేసి లోపలికి పోయి పని చూసుకున్నాడు. అతని మట్టుకు ఆ కథ అక్కడితో అయిపోయింది.

ఊళ్ళోవాళ్ళు మాత్రం చూసినవాళ్ళకీ చూడనివాళ్ళకీ చెప్పారు. ఆ మాట నోటినోటా పట్నం చేరింది. పట్నంలో 'పూర్వ కట్టడాల సమరూప సంరక్షణ మండలి' అని ఒకటుంది. దానికి అప్పటిదాకా సంరక్షించడానికి ఏమీ దొరకలేదు. రెండో వారంలో జీపు వచ్చి దొరమేడ ముందు ఆగింది.

జీపులోంచి ఇద్దరు దిగారు. ముందు దిగినాయన ప్రత్యేకాధికారి పాలగిరి విశ్వంభరరావుగారు, నిండైన మనిషి, పట్టుకండువా. వెనక దిగినాయన తనిఖీదారు ఏకాంబరం, సన్నటి మనిషి, చేతిలో కొలత టేపు. విశ్వంభరరావుగారు గోడముందు నిలబడి చేతులు జోడించారు.

"ఏకాంబరం! చూశావటయ్యా? ఇది కిటికీ కాదు. కిటికీ యొక్క ఆదర్శం!"

"రాసుకున్నానండి," అన్నాడు ఏకాంబరం.

మూగిన జనానికి ఆయన వివరించారు. "ఈ గోడ వెనుక పొగగొట్టం ఉన్నది. కనుక ఇచట కిటికీ అసాధ్యం. అయినను ఆ దేశపు కట్టడ నీతి ప్రకారం ఎడమన ఉన్నది కుడిన ఉండి తీరవలెను. కనుక ఆ మహానుభావుడు చిత్రింపజేసినాడు. దీనినే సమరూపత అందురు."

"అంటే అబద్ధం కిటికీ అన్నమాటండి," అంది చెల్లాయమ్మ.

"అమ్మా! ఆ మాట అనరాదు. ఇది వాస్తవేతర కిటికీ."

మేడని మండలి తీసుకుంది. గబ్బిలాల్ని ఖాళీ చేయించి పైగదుల్లో ఆఫీసు పెట్టారు. బల్లలొచ్చాయి, బీరువాలొచ్చాయి, గుమాస్తాలొచ్చారు. ఊరు దానికి జతల ఆఫీసని పేరు పెట్టింది. ఆఫీసు పెట్టిన మర్నాడే ఏకాంబరం మెట్లు దిగి అబ్బులు గదిలోకి వచ్చి, నిలబడి, గొంతు సవరించుకుని చదివాడు.

"దొరమేడ ఎడమ భాగమున వృత్తి సాగించు దర్జీ శ్రీ గంటి అబ్బులు గారికి తెలియజేయునది ఏమనగా, కుడి కిటికీ మూసియున్న స్థితియందు చిత్రింపబడి యున్నందున, ఎడమ కిటికీ తెరచియుండుట సమరూపతకు భంగకరమని మండలి భావించుచున్నది. కావున ఎడమ కిటికీ తక్షణమే, శాశ్వతముగా మూయవలెను."

అబ్బులు మిషను ఆపాడు. తలెత్తాడు. పైకి వెళ్ళి విశ్వంభరరావుగారి ముందు నిలబడ్డాడు. వెనకే చెల్లాయమ్మ.

"మూస్తే గుడ్డ కనబడదండి," అన్నాడు.

"నిజమే. అయితే మీకు గుడ్డ కనబడుట అనునది కట్టడంలో భాగం కాదు."

"కుట్టలేనండి."

"కుట్టుట కూడా కాదు."

అబ్బులు దగ్గర మాటలు అయిపోయాయి. చెల్లాయమ్మ ముందుకొచ్చింది.

"బాబుగారూ, జతే కావాలంటే దీన్ని మూసే బదులు దాన్నే తెరిచేయొచ్చు కదండీ?"

ఏకాంబరం జాలిగా చూశాడు. "అది గోడమ్మా."

"గోడని కిటికీ చేసినోళ్ళు, మూసిన కిటికీని తెరవలేరేంటండీ? రంగేగా!"

విశ్వంభరరావుగారు కళ్ళజోడు తీశారు. తుడిచారు. మళ్ళీ పెట్టుకున్నారు. ఆయన మొహం వెలిగిపోయింది.

"ఏకాంబరం! రాసుకో. 'ఈ సమస్యను మండలి స్వయముగా, దీర్ఘముగా యోచించి'..."

అలా అబద్ధం కిటికీని తెరవడానికి బొమ్మల పెంటయ్యని పిలిపించారు. పెంటయ్య లారీల వెనకాల బొమ్మలు వేస్తాడు, నాటకాల తెరలు వేస్తాడు, సోడా బళ్ళ మీద సింహాలు వేస్తాడు. అబ్బులుకి బావమరిది వరస. వస్తూనే నవ్వాడు.

"ఏంటి బావా, నిన్ను గోడకెక్కిస్తున్నారంట!"

"నన్నెందుకు?"

"తెరిచిన కిటికీ అన్నాక లోపల ఏదో కనబడాలిగా? ఇటు చూస్తే నువ్వు కనబడుతున్నావు. అటు చూస్తే ఖాళీగా ఉంటే జత ఎలా కుదురుద్ది అంటున్నారు పైన. కూచో, కదలకు."

"కుట్టాలి."

"కుట్టు. కదలకు."

పెంటయ్య వీధిలో బల్ల వేసుకుని ఎదురుగా కూచున్న అబ్బుల్ని చూస్తూ గోడ మీద ఇంకో అబ్బుల్ని దించాడు. బొమ్మ అయ్యాక చెల్లాయమ్మ నడుం మీద చేతులేసుకుని చాలాసేపు చూసింది.

"ఎవర్రా ఈయన?"

"నీ మొగుడే అక్కా."

"నా మొగుడికి మీసమేదిరా?"

"మీసం లేకపోతే మొహం గోడ మీద నిలబడదక్కా. నేను దేవుళ్ళకి తప్ప అందరికీ పెడతాను."

"సత్తెయ్య లారీ వెనకాల తల్లీబిడ్డా బొమ్మలో తల్లికి కూడా పెట్టావుగా, చూశాను."

"అది నీడ అక్కా, నీడ!"

జుట్టు కూడా కాకిరెక్కలా నల్లగా వేశాడు. కిటికీ గడప మీద పొగలు కక్కే టీ గ్లాసు ఒకటి వేశాడు. ఆ టీ గ్లాసు ఎందుకురా అంటే చోటు మిగిలిందన్నాడు. ఊరంతా వచ్చి చూసి బాగుందంది. అబ్బులుకి బాగుందో లేదో తెలీలేదు గానీ, అతని కిటికీ తెరిచే ఉంది, ఎండ గుడ్డ మీద పడుతూనే ఉంది. అతనికి అంతే కావాలి.

మర్నాడు ఏకాంబరం నడివీధిలో నిలబడ్డాడు. ఒక కన్ను మూసి ఎడమ కిటికీ చూశాడు. ఇంకో కన్ను మూసి కుడి కిటికీ చూశాడు. తల అడ్డంగా ఊపుతూ పైకి వెళ్ళాడు. సాయంత్రానికి విశ్వంభరరావుగారే దిగి వచ్చారు.

"అబ్బులుగారూ, విచారకరమైన విషయం. ఎడమ దర్జీకి, కుడి దర్జీకి పొంతన లేదు. కుడి దర్జీకి మీసమున్నది. మీకు లేదు. కేశములు నల్లనివి. మీవి తెల్లనివి. టీ గ్లాసు ఉన్నది. మీకు లేదు. అన్నిటికన్న ముఖ్యం, ఇద్దరూ కుడిచేతితోనే చక్రం తిప్పుచున్నారు. సమరూపత అనగా అద్దం. ఇటు కుడి అయినచో అటు ఎడమ కావలెను."

"బొమ్మ మార్చండి," అన్నాడు అబ్బులు.

విశ్వంభరరావుగారు అతని భుజం మీద చెయ్యి వేశారు. "బొమ్మకు మండలి ఆమోదం లభించినది నాయనా. మీకు ఇంకా లభించలేదు."

బొమ్మకి సరిపోయేలా అబ్బులే మారాలి, కుదరకపోతే కిటికీ మూసేయడమే అన్నారు. అబ్బులు సరేనన్నాడు. గుడ్డ కనబడటం కోసం అతను ఏదయినా పడతాడు.

మీసం వచ్చేదాకా పెంటయ్య రోజూ పొద్దున్నే వచ్చి బొగ్గుతో మీసం గీసి పోయేవాడు. చెల్లాయమ్మ జుట్టుకి రంగేసేది. "మన పెళ్ళినాడు కూడా నువ్వింత ముస్తాబవలేదయ్యా," అని నవ్వేది. నవ్వితే మీసం చెరిగిపోతుందని అబ్బులు నవ్వేవాడు కాదు. టీ మాటకొస్తే, అన్నాళ్ళూ రెండో టీ అడిగితే విసుక్కునే చెల్లాయమ్మ ఇప్పుడు గ్లాసు చల్లారినప్పుడల్లా పరుగెత్తుకొచ్చి వేడిది పెట్టేది. తాగకూడదు, తాగితే మట్టం తగ్గుద్ది. పొగ కనబడుతూ ఉండాలి. అబ్బులు దాని వైపు చూస్తూ కుట్టుకునేవాడు.

ఎడంచేత్తో చక్రం తిప్పాలంటే మిషను వెనక్కి తిప్పి పెట్టాల్సొచ్చింది. గుడ్డ అవతలికి పోవడం మాని అతని ఒళ్ళోకి రావడం మొదలుపెట్టింది. అతను ఎటు అనుకుంటే కుట్టు అటు కాకుండా పోయేది. పంచాయతీ ప్రెసిడెంటు గవర్రాజుగారు కొత్తచొక్కా తొడుక్కుని, గుండీలు పట్టుకుని వచ్చాడు.

"ఇదేంటయ్యా అబ్బులూ! బొత్తాలు ఆడోళ్ళ వైపు పెట్టావేంటి? సభలో నన్ను చూసి ఆ వెధవలంతా ఇకిలిస్తున్నారు!"

 చెల్లాయమ్మ అందుకుంది.

"తమరు ఇంటికెళ్ళి అద్దంలో చూసుకోండి ప్రెసిడెంటుగారూ. సరిగ్గా ఉంటది."

గవర్రాజుగారికి కోపం రావాలో నవ్వు రావాలో తేలక చొక్కా విప్పి అక్కడ పడేసి పోయాడు. ఆ తరవాత బేరాలు పలచబడ్డాయి. వచ్చేవాళ్ళు గుడ్డ ఇవ్వడానికి రావడం మాని, ఎవరు బొమ్మో ఎవరు మనిషో పందెం వేసుకోవడానికి రాసాగారు. బొమ్మ దర్జీకి నమస్కారం పెట్టి, కొలతలివ్వడానికి చేతులెత్తి నిలబడ్డ పొరుగూరివాళ్ళు కూడా ఉన్నారు.

ఇంతలో భోజనం మీద గొడవొచ్చింది. అబ్బులు మధ్యాహ్నం లేచి అన్నానికి పోయాడు. తిరిగొచ్చేసరికి ఏకాంబరం చదవడానికి సిద్ధంగా ఉన్నాడు.

"ఎడమ దర్జీ భోజనమునకు లేచిపోయిన సమయమందు కుడి దర్జీ యథాస్థానమున నుండెను. ఇట్టి ఏకపక్ష గైర్హాజరుకు సంజాయిషీ కోరడమైనది."

"ఆయన తినడు కదండీ!" అంది చెల్లాయమ్మ.

"అదే మా అభిప్రాయం కూడానమ్మా. ఆయన్ని చూసి నేర్చుకోవలసింది చాలా ఉంది."

చివరికి పరిష్కారం కూడా మండలే స్వయముగా, దీర్ఘముగా యోచించింది. మధ్యాహ్నం కాగానే ఏకాంబరం విజిల్ వేసేవాడు. ఆ విజిల్‌కి ఇటు చెల్లాయమ్మ అబ్బులు కిటికీకి గోనెతెర దించేది, అటు ఏకాంబరం గోడ మీది కిటికీకి గోనెతెర దించేవాడు. అబ్బులు అన్నం తినేవాడు. బొమ్మ కూడా తినేదనే లెక్క. మళ్ళీ విజిల్. రెండు తెరలూ లేచేవి. ఒకరోజు అబ్బులు మజ్జిగ అన్నం మధ్యలో ఉండగా విజిల్ పడింది.

"ఇంకా కాలేదండీ!" అని లోపల్నుంచి చెల్లాయమ్మ అరిచింది.

"కుడి ఆయనకి అయిపోయిందమ్మా!" అని ఏకాంబరం జవాబిచ్చాడు.

కాకి సంగతి కూడా వచ్చింది. అలవాటు కొద్దీ కాకి ఎడమ కిటికీ మీదే వాలేది. అటు కూడా ఒక కాకిని వేయిద్దామా అని ఏకాంబరం అడిగాడు. విశ్వంభరరావుగారు అనుభవశాలి. "వద్దు. చిత్రించినచో దాని హాజరు మన మీద పడుతుంది," అన్నారు. దాంతో కాకుల్ని తోలే పని కూడా ఏకాంబరానికే వచ్చింది.

ఇన్ని జరిగినా అబ్బులు కిటికీ తెరిచే ఉంది. ఎడంచేతి కుట్టు కూడా కాస్త కాస్త దారికొస్తోంది. మీసం సొంతంగా మొలిచింది. ఆ మీసంతో అతన్ని చూసి చెల్లాయమ్మ అప్పుడప్పుడు ఒక్కతే నవ్వుకునేది. అలాగే గడిచిపోయేదేమో గానీ, మండలి అధ్యక్షులవారు పట్నం నుంచి తనిఖీకి వచ్చారు.

అధ్యక్షులవారు దొడ్డమనిషి, చూపు కొంచెం తక్కువ. ముందు కుడి కిటికీ దగ్గరకెళ్ళి నిలబడ్డారు. చాలాసేపు నిలబడ్డారు.

"ఎంత ఏకాగ్రత! మనం వచ్చినా తలెత్తలేదు. ఇట్టివారు ఇప్పుడు ఎక్కడున్నారు?"

"అరుదండి," అన్నారు విశ్వంభరరావుగారు.

అప్పుడు ఎడమ కిటికీ దగ్గరకొచ్చారు. అబ్బులు ఊపిరి బిగబట్టి కూచున్నాడు. చేతులు చక్రం మీద, చూపు గుడ్డ మీద. అధ్యక్షులవారు బాగా దగ్గరకొచ్చి మొహం కిటికీలో పెట్టారు. ఆయన కండువాకి అత్తరు దట్టంగా రాసుకున్నారు. అబ్బులు ముక్కు అదిరింది. ఆపుకున్నాడు. మళ్ళీ అదిరింది.

ఆ తుమ్ముకి మిషను కదిలింది, టీ గ్లాసు అధ్యక్షులవారి పంచె మీద పడింది, కాకి ఎగిరిపోయింది.

అధ్యక్షులవారు అరవలేదు. పంచె దులుపుకుంటూ శాంతంగా అన్నారు. "ఎడమవైపు అంశం చలించుచున్నది."

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. ఏకాంబరం ఈసారి నెమ్మదిగా చదివాడు. చదువుతున్నప్పుడు అబ్బులు మొహం వైపు చూడలేదు.

"ఎడమ దర్జీ యందలి చలనము నివారణకు లొంగనిదని తేలినందున, సదరు కిటికీని ఇటుకలతో పూడ్చి, కుడి కిటికీకి సరిపోవునట్లు చలనరహిత దర్జీని చిత్రింపవలెను. సదరు అబ్బులు గారి జీవనోపాధికి భంగము కలుగకుండుటకై, చిత్రమందు వారిని నిరంతరము పనిచేయుచున్నట్లు చూపవలెను."

అబ్బులు పైకి వెళ్ళాడు. జీవితంలో అంత పెద్ద మాట అతను ఎవరితోనూ అనలేదు.

"బాబుగారూ, మీసం పెంచమన్నారు, పెంచాను. చెయ్యి మార్చమన్నారు, మార్చాను. గది ఇక్కడే ఉన్నా వెలుతురు లేకపోతే నేను కుట్టలేను. నాకు వెలుతురు ఒక్కటే కావాలండి."

విశ్వంభరరావుగారు కరిగిపోయారు. ఆయన మంచివారు. "వెలుతురు చిత్రంలో పుష్కలంగా వేయిస్తాను నాయనా. కావాలంటే ఎండ కూడా వేయిస్తాను. ఏకాంబరం, రాసుకో. ఎండ."

తాపీవాళ్ళు వచ్చారు. పొద్దున మొదలుపెట్టిన గోడ మధ్యాహ్నానికి అబ్బులు గడ్డం దాకా వచ్చింది, ఆ తరవాత కళ్ళ దాకా వచ్చింది. అతను చివరి ఇటుక పెట్టేదాకా కుడుతూనే ఉన్నాడు. చివరి ఇటుక పెట్టాక మిషను ఆగింది. చీకట్లో అతను సూది ఎక్కడుందో వేలితో తడిమి చూసుకుని లేచాడు.

బయట పెంటయ్య రంగు కలుపుతూ అబ్బులు వైపు చూడలేకపోయాడు.

"కోపమొద్దు బావా. నేను కాదంటే ఇంకోడు వేస్తాడు. వాడు నీకు రెండు మీసాలు పెట్టినా పెడతాడు."

"బాగా వెయ్యి," అన్నాడు అబ్బులు.

బాగానే వేశాడు. మాటిచ్చినట్టే ఎండ కూడా వేశాడు. ఇద్దరు అబ్బులులు, ఇద్దరికీ మీసాలు, ఒకరు కుడిచేత్తో, ఒకరు ఎడంచేత్తో, ఎండలో హాయిగా కుట్టుకుంటున్నారు. అధ్యక్షులవారు మళ్ళీ వచ్చారు. వీధిలో పందిరి వేసి సభ పెట్టారు. బొమ్మలిద్దరికీ చెరో దండ మేకుకి తగిలించారు. అబ్బుల్ని కూడా వేదిక ఎక్కించారు. అతనికి దండ వేస్తే మూడవుతాయి గనక వేయలేదు.

విశ్వంభరరావుగారు మాట్లాడారు. "ఈనాటికి ఈ కట్టడం పరిపూర్ణత నందినది. ఇక ఇచట ఎడమ అని గాని, కుడి అని గాని భేదము లేదు!" జనం చప్పట్లు కొట్టారు. చివర్లో అబ్బుల్ని నాలుగు మాటలు చెప్పమన్నారు.

అబ్బులు లేచి నిలబడ్డాడు. జనంలోంచి చెల్లాయమ్మ కళ్ళతోనే ఏదో ఒకటి అనవయ్యా అంది. అతను మేడ వైపు చూశాడు. ఇటు చూశాడు, అటు చూశాడు. చూడటానికి ఇంకొకటే మిగిలింది.

"మరి తలుపుకి జతేదండీ?" అని అడిగాడు.

విశ్వంభరరావుగారు ముచ్చటపడిపోయారు. మైకు దగ్గరకొచ్చారు.

"చూశారా! మండలి సాంగత్యంతో సామాన్యుడు సైతం ఎంత లోతుగా యోచించుచున్నాడో! అబ్బులుగారూ, తలుపు ఎడమ కాదు, కుడి కాదు. అది నడుమ. దానిని అక్షం అందురు. అక్షం మీద ఏది ఉన్నను దానికి జత అక్కరలేదు. అది కదలినను, మెదలినను, తెరచినను, మూసినను సమరూపతకు లేశమైనను భంగం రాదు. నియమావళిలో ఇది స్పష్టంగా ఉన్నది."

"స్పష్టంగా ఉందండి," అన్నాడు ఏకాంబరం.

"నిజమేనా సార్?" అని అబ్బులు అధ్యక్షులవారి వైపు తిరిగి అడిగాడు. ఆ రోజుకి అతనికి మాటలు మామూలుకంటే ఎక్కువే ఖర్చయ్యాయి.

"నా సంతకమున్నది," అన్నారు అధ్యక్షులవారు.

"చిత్తం," అని అబ్బులు కూచున్నాడు.

మర్నాడు పొద్దున్నే అతను లేచి మీసం గొరిగేసుకున్నాడు. చెల్లాయమ్మ ఒక కొసా తనొక కొసా పట్టుకుని మిషను గుమ్మంలోకి మోసుకొచ్చారు. రెండు తలుపులూ బార్లా తెరిచారు. చక్రం తన కుడిచేతికి వచ్చేలా పెట్టుకుని, సూది సరిగ్గా గుమ్మం నడిమధ్యకి వచ్చేదాకా అబ్బులు మిషనుని జరిపాడు. స్టూలు వేసుకుని కూచున్నాడు. ఎదురుగా వీధి, పైన ఆకాశం, గుడ్డ మీద కిటికీలో ఎన్నడూ పడనంత ఎండ. వారం నుంచి ఆగిపోయిన పరికిణీ తీసి అంచు మడిచాడు.

ఆఫీసు వేళకి గుమాస్తాలు వచ్చి మెట్ల మీద ఆగారు. వాళ్ళ వెనక ఏకాంబరం, ఆయన వెనక విశ్వంభరరావుగారు. పైకెళ్ళడానికి ఉన్నది ఆ గుమ్మం ఒక్కటే. గుమ్మం నిండా మిషను.

"అబ్బులుగారూ, ఇదేమిటి?"

అబ్బులుకి మాటలన్నీ నిన్న అయిపోయాయి. చెల్లాయమ్మ చెప్పింది.

"అక్షం అండి."

విశ్వంభరరావుగారు ఏకాంబరం వైపు చూశారు. ఏకాంబరం టేపు తీశాడు. ఎడమ గోడ నుంచి సూది దాకా కొలిచాడు. కుడి గోడ నుంచి సూది దాకా కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. నిలబడి, ఎవరి వైపూ చూడకుండా, "నడుమే ఉందండి," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని మూతి చివర కాస్త నవ్వు కనబడింది.

"మరి మేము పైకి వెళ్ళుట ఎట్లు?"

"వంటింటి వెనక దొరగారు బొగ్గులు దింపించుకున్న కన్నం ఉందండి," అంది చెల్లాయమ్మ. "కొంచెం వంగి రావాలి. బాబుగారు మాత్రం ఊపిరి బిగబట్టి రావాలి. కండువా జాగ్రత్తండి."

 నియమావళి విశ్వంభరరావుగారే రాశారు. అందులో తప్పు పట్టుకోవడం ఆయన వల్ల కాలేదు. కండువా మడిచి చంకలో పెట్టుకుని, మేడ చుట్టూ తిరిగి దొడ్డివైపు నడిచారు. గుమాస్తాలు వరసగా ఆయన వెనకే పోయారు. లోపల్నుంచి ఎవరో ఇరుక్కున్న చప్పుడు, ఎవరో తోస్తున్న చప్పుడు వినబడ్డాయి.

అబ్బులు తలెత్తలేదు. కుడిచేత్తో చక్రాన్ని ఒక్క తోపు తోసి, కాళ్ళతో తొక్కుతూ, పరికిణీ అంచు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఏకబిగిన కుట్టుకుంటూ పోయాడు.